‘పెద్దదానివి గదా’ అనే ముందు ఒక బొమ్మల పుస్తకం

శెనక్కాయలు పెరికే రోజులొస్తే అనంతపురం పల్లెల్లో తెల్లారేసరికి ఇళ్లు ఖాళీ అవుతాయి. ఇంటి దగ్గర మిగిలేదెవరు? మోకాళ్ల నొప్పులతో జేజి, ఏడేళ్ల అక్క, ఆ అక్క చంకలో ఏడాది తమ్ముడు. వాడు ఏడిస్తే ఎత్తుకోవాల్సింది అక్క. మట్టి తింటే నోట్లో వేలు పెట్టి తీయాల్సింది అక్క. వాడు కిందపడితే తిట్లు తినాల్సిందీ అక్కే. పొద్దుగూకి అమ్మ ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుంది. అక్క మెల్లగా పక్కకొచ్చి వాడి తొడ మీద గట్టిగా గిచ్చింది.

వాడు కెవ్వుమన్నాడు. ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: "పెద్దదానివి గదమ్మా, సర్దుకోవల్ల!"

ఎందుకు గిచ్చావని అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ ఇంట్లో ఉన్నారా?

పల్లె కాదు, ధర్మవరం అనుకోండి. అమ్మానాన్నలిద్దరూ మగ్గం పనిలో ఉంటారు. పట్టు పోగుల దగ్గరికి చిన్నోడు పాక్కుంటూ రాకుండా కాపలా పెద్దోడిది. అనంతపురం టౌనైతే ఇద్దరు పిల్లలు, ఒక ఫోను. ఆ కథ వేరే చెప్పక్కర్లేదు. వీటన్నిటికంటే కష్టమైన ఇల్లు ఇంకొకటి ఉంది. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన, అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేని నేల ఇది. ఒక్క అదును తప్పితే అమ్మానాన్నలు బెంగళూరుకు పనికి పోతారు. పాలు తాగే చిన్నోడు వాళ్లతో పోతాడు. బడికి పోయే పెద్దపిల్ల అవ్వ దగ్గర ఉండిపోతుంది. ఆ పిల్ల లెక్కలో జరిగింది ఒకటే: "నన్ను ఇడిసిపెట్టి వాణ్ణి పిలుచుకొని పోయినారు."

ఇలాంటి ఇళ్లలో బొమ్మల పుస్తకం ఏం చేయగలదు? గొడవ ఆపలేదు. అమ్మను తొందరగా ఇంటికి తేలేదు. కానీ గిచ్చిన పిల్లకు తన కోపాన్ని ఇంకొకరి ముఖంలో చూసే వీలిస్తుంది. ఆ తర్వాత మాట్లాడటం సులువవుతుంది. పని చిన్నదే. మరీ చెడగొట్టకుండా చేయడమే కష్టం.

1. పుస్తకం ఎవరి పక్షమో ముందు చూడండి

అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బొమ్మల పుస్తకాలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. మొదటి పేజీలో పెద్దపిల్లకు అలక, నడుమ పెద్దల బుద్ధిమాట, చివరి పేజీలో ముద్దులు. ఇవి అమ్మానాన్నలకు భలే నచ్చుతాయి. పిల్లలు రెండోసారి తెరవరు.

అమెరికా రచయిత, చిత్రకారుడు ఎజ్రా జాక్ కీట్స్ 1967లో వేసిన ‘పీటర్స్ చెయిర్’ అట్లాంటిది కాదు. పీటర్ అనే పిల్లాడికి చెల్లెలు పుట్టింది. వాడి పాత ఉయ్యాలకు వాళ్ల నాన్న గులాబీ రంగు వేసేశాడు. వాడు అన్నం తిన్న ఎత్తు కుర్చీకీ అదే రంగు. మిగిలింది ఒక చిన్న కుర్చీ. దాన్ని ఎత్తుకుని, కుక్కను వెంటబెట్టుకుని వాడు ఇంట్లోంచి ‘పారిపోతాడు’. ఎంతదూరం? ఇంటి ముందు దాకానే! అక్కడ దర్జాగా కూర్చోబోతే కుర్చీలో పట్టడు. తాను పెద్దవాడయ్యానని వాడికి ఎవరూ చెప్పలేదు, కుర్చీ చెప్పింది. చివరికి నాన్నతో కలిసి తనే దానికి రంగు వేస్తాడు. కథ మొత్తంలో ‘నువ్వు పెద్దోడివి, సర్దుకో’ అన్న ఉపదేశం లేదు. మన ఇళ్లలో కుర్చీ స్థానంలో చీర ఉయ్యాల పెట్టి చూడండి. నిన్నటిదాకా తను ఊగిన చీరలోనే ఇవాళ ఇంకొకరు ఊగుతున్నారు. అది ఆ పిల్లకు చిన్న విషయం అనుకుంటున్నారా?

ఇంకో పుస్తకం మనకు మరీ దగ్గరిది. లాహోర్‌లో పుట్టి కెనడాలో పెరిగిన రుఖ్సానా ఖాన్ రాయగా సోఫీ బ్లాకాల్ బొమ్మలు వేసిన ‘బిగ్ రెడ్ లాలీపాప్’, 2010లో వచ్చింది. రుబీనాను బళ్లో ఎవరో పుట్టినరోజుకు పిలుస్తారు. చెల్లెలు సనా నేనూ వస్తానని పట్టుబడుతుంది. తీసుకుపోవాల్సిందేనంటుంది అమ్మ. తీసుకుపోతుంది, పరువు పోతుంది. పైగా మర్నాటికి దాచుకున్న ఎర్ర లాలీపాప్‌ను కూడా సనా తినేస్తుంది. ఆ తర్వాత చాలాకాలం రుబీనాను ఎవరూ పిలవరు. కొన్నాళ్లకు సనాకు పిలుపు వస్తుంది. ఈసారి అందరికంటే చిన్నది మరియం నేనూ వస్తానంటుంది. ‘నీకూ తగిన శాస్తి’ అని రుబీనా నవ్వుకోవచ్చు. నవ్వదు. అమ్మ దగ్గరికి పోయి, సనాను బలవంతం చేయొద్దని చెబుతుంది.

ఈ కథలో తప్పు అక్కది కాదు, నిజానికి చెల్లెలిది కూడా కాదు. ఇద్దరి మధ్య పడి తీర్పు చెప్పిన అమ్మది. ఆ అమ్మే చివరికి పెద్దకూతురి మాట వింటుంది. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు ఈ పుస్తకం పెద్దవాళ్లను కొంచెం ఇబ్బంది పెడుతుంది. అందుకే మంచి పుస్తకం.

రెండూ ఇంగ్లీషువే. అయితే ఏం? బొమ్మలు చూపిస్తూ కథ మీ ఇంటి మాటల్లో చెప్పండి. అక్షరం రాని జేజి కూడా బొమ్మలు చూసి కథ చెప్పగలదు, చాలాసార్లు మనకంటే బాగా.

2. చదువుతూ వేలు చూపించకండి

ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పీటర్ అలిగిన పేజీ రాగానే, "చూసినావా, నువ్వూ ఇట్లనే చేస్తావు!" అంటారు. అంతే, పిల్ల చెవులు మూసుకుపోయాయి. ఇప్పటిదాకా అది పీటర్ కథ, ఇప్పుడు తన మీద నేరారోపణ.

ఇంకో తప్పు, కథ అయిపోగానే మాట తీసుకోవడం. "ఇంక తమ్ముణ్ణి కొట్టనని చెప్పు." పిల్ల చెబుతుంది. రేపు కొడుతుంది. మీకు అబద్ధం చెప్పిన తప్పు కూడా దాని ఖాతాలో పడుతుంది. మూడోది, కొట్లాట అయిన అరగంటకే పుస్తకం తీయడం. అప్పుడు పుస్తకం బెత్తంతో సమానం. గొడవలేని రోజు చూసి చదవండి.

మరి ఏం అడగాలి? పిల్ల గురించి కాదు, బొమ్మలో ఉన్నవాళ్ల గురించి అడగండి. "ఈ పిల్లోడు కుర్చీ ఎందుకెత్తుకుపోయినాడంటావ్?" అని అడిగి ఊరుకోండి. జవాబు రాకపోయినా పేజీ తిప్పేయండి. రెండోసారో మూడోసారో చదివినప్పుడు వస్తుంది. వచ్చే జవాబు మీకు నచ్చకపోవచ్చు.

"తమ్ముణ్ణి బాయిలో పారేస్తా" అందనుకోండి. అమ్మో, అంత మాటా అని నోరు మూయించకండి. "అంత కోపమొచ్చిందా? ఎప్పుడొచ్చింది?" అని అడగండి. అప్పుడు బయటికొస్తుంది అసలు సంగతి: అన్నం పెడుతూ పెడుతూ మధ్యలో లేచి పోయిన రోజు, బడిలో వేసిన బొమ్మ చూపిస్తే ‘తర్వాత చూస్తాలే’ అన్న రోజు. పెద్దవాళ్లకు గుర్తుండని రోజులవి. మాటల్లో ఎంత కోపమైనా పోనివ్వండి. నిజంగానే చిన్నబిడ్డకు దెబ్బ తగిలేలా పదేపదే చేస్తుంటే మాత్రం పుస్తకాల మీద వదిలేయొద్దు. ఇద్దరినే ఇంట్లో విడిచిపోవడం ఆపాలి, పెద్దవాళ్లెవరో ఒకరు దగ్గరుండాలి.

ఇక్కడే ఇంకో మాట. ‘అక్క అంటే రెండో అమ్మ’ అని ఏడేళ్ల పిల్లను పొగడటం చాలా ఇళ్లలో అలవాటు. వినడానికి ముద్దుగా ఉంటుంది. అమ్మ పనిని ఆ పిల్ల భుజాన పెట్టి, జీతం బదులు పొగడ్త ఇవ్వడం అది. చంకలో బిడ్డతో నవ్వుతూ నిలబడిన అక్క బొమ్మలే ఉన్న పుస్తకాన్ని పక్కన పెట్టండి. అన్న బిడ్డను ఎత్తుకున్న బొమ్మ, నాన్న స్నానం పోస్తున్న బొమ్మ ఉన్న పుస్తకం దొరికితే కొనండి.

3. చిన్నోడు నిద్రపోయాక చదవండి

ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని చదివితే చూడముచ్చటే. చిన్నోడు పేజీ చింపుతాడు, పెద్దది అరుస్తుంది, కథ ఆగిపోతుంది. వారంలో రెండుసార్లు, పది నిమిషాలు, పెద్దపిల్లకు మాత్రమే. ‘ఇది నీకూ నాకూ’ అని పైకి చెప్పి మరీ చదవండి. తమ్ముడి మీద కోపం తగ్గడానికి కథ కంటే ఈ పది నిమిషాలే ఎక్కువ పనిచేసే ఇళ్లూ ఉంటాయి.

4. పుస్తకం లేదా? ఏడు చేపలున్నాయి

ఏడు చేపల కథ రానివాళ్లు తెలుగు ఇళ్లలో ఉండరు. దాన్ని అన్నదమ్ముల కథగా ఎప్పుడైనా చూశారా? రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి తలా ఒక చేప తెచ్చి ఎండబెడతారు. ఒకరి చేప మాత్రం ఎండదు. ఆరుగురు గెలిచి ఒకడు ఓడిన ఇల్లది. ఎందుకెండలేదని అడిగితే చేప గడ్డిమోపును చూపిస్తుంది, గడ్డిమోపు ఆవును, ఆవు తనను మేపాల్సిన పిల్లాణ్ణి. ఆ పిల్లాడు అవ్వ అన్నం పెట్టలేదంటాడు. అవ్వ ఎందుకు పెట్టలేదు? పసిబిడ్డ ఏడుస్తోంది.

అక్కడ ఆగండి. చిన్నబిడ్డ ఏడ్చిందని పెద్దపిల్లాడికి అన్నం దొరకలేదు! ఇదే గదా రోజూ మీ ఇంట్లో జరిగేది? కథను పరుగెత్తించకుండా ఇక్కడ ఆపి, "ఆ పిల్లోనికి ఆకలేసి ఏమనుకునింటాడు?" అని అడిగి చూడండి. తర్వాత బిడ్డ వైపూ అడగొచ్చు, దాన్ని చీమ కుట్టింది మరి. చీమ దగ్గర కూడా దాని కారణం దానికుంది.

ఒక్కో బొమ్మకు ఒక్కో కాగితం చొప్పున ఈ కథను పిల్లల చేత గీయించండి: చేప, గడ్డిమోపు, ఆవు, పిల్లాడు, అవ్వ, బిడ్డ, చీమ. కాగితాలు కలిపేసి మళ్లీ వరుసలో పెట్టమనండి. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే వేషాలు పంచండి. ఒక్క షరతు: రోజూ తిట్లు తినే పిల్లకు చీమ వేషం ఇవ్వకండి, అడిగే రాజకుమారుడి వేషం ఇవ్వండి. ఒక పూటైనా ప్రశ్నలు తను వేస్తుంది, జవాబులు ఇంకొకరు చెప్పుకుంటారు.

5. ఆదర్శ అన్నదమ్ములతో జాగ్రత్త

ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పలుచగా గీకిన మేకతోలుకు రంగులద్ది, తెర వెనక దీపం పెడితే బొమ్మ వెలుగుతుంది. ఈ సీమ పిల్లలకు అచ్చు పుస్తకాలు రాకముందునుంచే ఉన్న బొమ్మల పుస్తకం ఇదే. అందులో ఎక్కువగా ఆడింది రామాయణం, అంటే అన్నదమ్ముల కథ.

చిక్కు ఎక్కడంటే, పిల్లలకు మనం చూపించేది ఎప్పుడూ లక్ష్మణుడినీ భరతుడినీ. అడవికి వెంట నడిచిన తమ్ముడు, పాదుకలను సింహాసనం మీద పెట్టిన తమ్ముడు. వాళ్లతో కొలిస్తే ఏ పిల్లాడు నెగ్గుతాడు? అదే రామాయణంలో వాలి, సుగ్రీవులు లేరా! గుహలోంచి నెత్తురు పారితే అన్న చచ్చిపోయాడనుకుని తమ్ముడు గుహకు బండ అడ్డం పెట్టి ఇంటికొచ్చాడు. బతికి బయటపడ్డ అన్న వచ్చి చూస్తే రాజ్యం మీద తమ్ముడున్నాడు. ఎవరిది తప్పు? పదేళ్ల పిల్లలు దీని మీద గంటసేపు వాదించుకోగలరు. వాదించుకోనివ్వండి. తీర్పు మాత్రం మీరు చెప్పకండి.

పాత పెళ్లిపత్రికల అట్టతో ఇద్దరు అన్నదమ్ముల బొమ్మలు కత్తిరించి, చీపురుపుల్ల అంటించి, తెల్ల పంచె వెనక ఫోను లైటు వేస్తే తోలుబొమ్మలాట కాకపోయినా నీడబొమ్మలాట అవుతుంది. నిన్నటి కొట్లాటను బొమ్మల చేత ఆడించమనండి. తమ్ముడి బొమ్మను అక్క పట్టుకోవాలి, అక్క బొమ్మను తమ్ముడు. నవ్వులు ఖాయం. అక్క ఎలా అరుస్తుందో తమ్ముడికి ఎంత బాగా తెలుసో కూడా తెలుస్తుంది.

మంచి అక్క, చెడ్డ అక్క అని రెండు ముక్కలు చేసే జానపద కథలతోనూ ఇదే పేచీ. చెన్నై తూలిక ప్రచురణల వాళ్ల ‘ఏక్కీ దోక్కీ’లో ఒకే ఒక్క వెంట్రుక ఉన్న అమ్మాయి, రెండు వెంట్రుకలున్న అమ్మాయి అక్కచెల్లెళ్లు. కథ సరదాగా నడుస్తుంది, పిల్లలు పకపకా నవ్వుతారు. మర్నాడు ఇంట్లో ఎవరు ఏక్కీ, ఎవరు దోక్కీ అని పేర్లు పెట్టడం మొదలైతే పని చెడిందన్నమాట. ఆ పేర్లు పిల్లలు పెట్టుకోరు, సాధారణంగా పెద్దవాళ్లే పెడతారు.

అన్నదమ్ముల బొమ్మలు పుస్తకాల్లోనే కాదు, గుడిలోనూ ఉన్నాయి. లేపాక్షికి ఎప్పుడైనా పిల్లలతో పోతే వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి తిరిగొచ్చేయకండి. తలెత్తి పైకప్పు చిత్రాలు చూపించండి. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, ఆ గుడి కట్టించింది విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. పరివారంతో ఉన్న వాళ్లిద్దరి బొమ్మలు కూడా ఆ చిత్రాల్లో ఉన్నాయి. "ఇంత గుడి కట్టేలోపల వీళ్లిద్దరూ ఎన్నిసార్లు కొట్లాడుకునింటారు?" అని అడిగితే చాలు, ధర్మవరం బస్సు ఎక్కేదాకా కథలు చెబుతారు.

6. ఎక్కడ దొరుకుతాయి?

డబ్బు లేక ఆగిపోనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదవొచ్చు, దించుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్, హైదరాబాద్ తార్నాకలోని ‘మంచి పుస్తకం’ వాళ్లవి తక్కువ ధరకే దొరుకుతాయి. మన చెన్నేకొత్తపల్లి నుంచే 2008లో ‘కొత్తపల్లి’ అనే పిల్లల మాసపత్రిక మొదలైంది. పిల్లలు రాసిన కథలు, పిల్లలు గీసిన బొమ్మలు అందులో ఉంటాయి. చదివిన పిల్లకు ‘నేనూ రాయొచ్చు’ అన్న ఆలోచన రావడానికి అదొక్కటి చాలు.

అమ్మానాన్నలు బెంగళూరులో, పెద్దపిల్ల ఊళ్లో ఉన్న ఇంటికి ఒక కిటుకు. ఒకే కథను రెండు ప్రతులు అచ్చు తీయించండి. ఒకటి అవ్వ ఇంట్లో, ఒకటి అమ్మ సంచిలో. ఫోనులో అమ్మ ఎడమ పేజీ చదవాలి, పిల్ల కుడి పేజీ చదవాలి, చిన్నోడు అమ్మ ఒళ్లో బొమ్మ చూడాలి. అమ్మకు చదవడం రాదంటారా? అప్పుడు మొత్తం పిల్లే చదువుతుంది, తమ్ముడి కోసం కాదు, అమ్మ కోసం. ‘తమ్మునికి చదివి వినిపించు’ అంటే అది ఇంకో చాకిరీ అవుతుంది. ‘నాకు చదివి వినిపించు’ అంటే సంగతి వేరు.

7. సొంత పుస్తకం కుట్టుకోండి

నాలుగు తెల్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడిచి, మడత మీద సూది దారంతో కుడితే పదహారు పేజీల పుస్తకం. కథ కోసం వెతుక్కోకండి, నిన్నటి కొట్లాట చాలు. అక్క ఇటునుంచి మొదలుపెట్టి తన కథ గీస్తుంది. పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి, అటునుంచి తమ్ముడు తన కథ గీస్తాడు. రాయడం రాని వయసైతే వాడు చెప్పింది చెప్పినట్టు మీరు రాయండి. ‘అక్క రాక్షసి’ అన్నా అదే రాయండి, దిద్దకండి. ముందట్టా వెనకట్టా తేడా లేదు కాబట్టి ఎవరి పేరు ముందన్న తగాదా ఉండదు.

రెండు కథలూ నడిమి పేజీ దగ్గర కలుస్తాయి. ఆ పేజీ ఎవరిదన్న గొడవ మాత్రం తప్పకుండా వస్తుంది. మీరు మధ్యలోకి పోకండి. రంగు పెన్సిళ్లు మాత్రం రెండు డబ్బాలు కొనండి.